తొడిమ

సంగడిగుంటలో మా అంగన్‌వాడీ
ఒకప్పుడు ఎవరిదో స్కూటర్ల షెడ్డు.
అక్షరాల పటం కింద ఇంకా ఆయిల్ మరక.
ఫిబ్రవరిలో యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే
ఇరవై ఇద్దరు పిల్లలూ వరసాగ్గా తుమ్ముతారు
హాజరు పలికినట్టు.

నాగుల్ మీరా ఒక్కడే తుమ్మడు.
వాడు ఉయ్యాల ఊగిందే మిరప బస్తాల మధ్య.

నాలుగేళ్ళు నిండి ఐదో నెల.
గోడ నిండా మేకులు, మేకుకో పేరు చీటీ.
మిగతా వాళ్ళు చీటీ చూసి సంచీ తగిలిస్తారు,
వీడు ఎవరి మేకు ఖాళీగా ఉంటే వాళ్ళయిపోతాడు.
అందరూ ఆవు ఆవు అని అరుస్తుంటే
పటంలో ఆవు కాలి దగ్గర చిరుగుని
గోరుతో ఇంకాస్త పెద్దది చేస్తాడు.
చెయ్యి పట్టి దిద్దిస్తే
చెయ్యి నాకొదిలేసి తనెటో వెళ్ళిపోతాడు.

ఒకరోజు మొద్దు అన్నాను.
మెల్లగానే.
గిన్నెలు తోముతున్న దీవెనమ్మ
తల తిప్పి చూసింది, ఏమీ అనలేదు.
ఆ చూపు ఇంకా నా వీపు మీదే ఉంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం, నేనూ వాళ్ళమ్మా.
మస్తాన్‌బీకి ఆ రోజు కూలి పోయింది.
తొడిమలు తీసే పనికి
కిలోల లెక్క తప్ప సెలవు లెక్క ఉండదు.
"చెవులు బాగానే ఉన్నాయి. మాట నిదానం.
చదువు సంగతి ఇంత చిన్నప్పుడు తేల్చలేం.
ఆడించండి" అన్నారు డాక్టరమ్మ.
ఎలా ఆడించాలో చీటీ వెనక్కి తిప్పినా లేదు.

ఆ మర్నాడే అనుకుంటా,
మధ్యాహ్నం మస్తాన్‌బీ పనిలోంచి అట్నుంచటే వచ్చింది.
కొంగు దులిపితే రాలాయి
నాలుగు తొడిమలు, కాసిని గింజలు.
అరుగు మీద దీవెనమ్మ తీసిపెట్టిన గాజు.
వాడు గాజు మీద ఒక వంకర తొడిమ ఆనించి
తల పక్కకి వంచి చూశాడు.

ర.

వాడు రాయలేదు. నేను చదివాను.
గబుక్కున కింద కూచుని ర అన్నాను.
వాడు నా నోటి వైపు చూశాడు.
ఎనిమిది నెలల్లో మొదటిసారి.
తర్వాత ఒక గింజ తీసి గాజు మధ్యలో వేశాడు.
ఠ, అన్నాను, నాలిక మడత పడేలా.
పకపకా నవ్వాడు. గింజ తీశాడు. ర.
వేశాడు. ఠ.
"మళ్ళీ" అన్నాడు.
మళ్ళీ అనే మాట వాడి దగ్గర ఉందని
మాలో ఎవరికీ తెలీదు.
పదకొండుసార్లో ఇంకా ఎక్కువో,
గుడ్లు చల్లారిపోయాయి.
నీ పేరులో కూడా ర ఉందిరా,
దానికి దీర్ఘం ఉంటుందిలే, అది రేపు, అంటుండగానే
అదే చేత్తో కళ్ళు నులుముకున్నాడు.

ఇక చూడండి.
కుళాయి కింద అరగంట ఏడుపు,
దీవెనమ్మ తెచ్చిన పెరుగు, నా పాఠం, అన్నీ కలిసి
కాలవలో పోయాయి.

మర్నాడు గాజు ముందు పెట్టాను.
గుమ్మం దాకా దొర్లించి వెనకే పరిగెత్తాడు.

నిన్న మాత్రం సంచీ సరిగ్గా తన మేకుకే తగిలించాడు.
వాడొచ్చేసరికి మిగతావన్నీ నిండిపోయాయి,
అందుకేనేమో.
రిజిష్టర్లో "అక్షరాలు గుర్తించును" అన్న గడి ముందు
పెన్ను పట్టుకుని చాలాసేపు కూచున్నాను.
టిక్కు పెడదామా అంటే
అదీ తలకట్టులాగే ఉంటుంది,
కింద అక్షరం లేని తలకట్టు.
ఖాళీగా వదిలేశాను.

సాయంత్రం మస్తాన్‌బీ కొంగు ముడి విప్పింది.
వేళ్ళు కాయలకంటే ఎర్రగా ఉన్నాయి.
"కడిగి ఎండబెట్టా మేడమ్, మంటుండదు.
తిన్నగా ఉన్నయి పారేశా.
వంకరయే ఏరుకొచ్చా."